లింబాద్రి సేట్ విస్తరి

బాలవ్వ పగబట్టిన సంగతి పెద్దమడిలో అందరికీ తెలుసు. ఎవరి మీద పట్టిందో కూడా తెలుసు. ఎట్లా తీర్చుకుంటుందన్నదే ఎవరికీ అంతుబట్టలేదు. కోర్టుకెక్కే మనిషి కాదు, శాపనార్థాలు పెట్టే నోరు కాదు, చేతిలో గరిటె తప్ప ఆయుధం లేదు. పాము పగ పన్నెండేళ్ళంటారు. బాలవ్వది అంతకన్నా ఎక్కువే నిలిచింది. పైగా పడగ విప్పకుండా పొయ్యి పక్కనే చుట్టచుట్టుకుని పడుకున్నది.

పెద్దమడి బోధన్‌కు రెండు కోసుల దూరం. గానుగ సీజన్ మొదలైతే చెరుకు బండ్లు ఊరి నడుమ నుంచే చక్కెర ఫ్యాక్టరీకి పోయేవి. వెనక బండి ఎడ్లు ముందరి బండి చెరుకు కొసలు పీక్కుంటూ నడిచేవి. గాలి తిరిగినప్పుడు మడ్డి వాసన వచ్చి ఉడికే అన్నంలో కూడా దూరేది. ఆ బాట పక్కన ఈతవనం, వనానికి ముందు కల్లు కంపౌండు.

ఊరి నిజం తెలుసుకోవాలంటే తాగే చోట కూర్చోవాలని దేశాలు తిరిగినవాళ్ళు చెప్తారు. మంజీర అవతల మరాఠీ ఊళ్ళలో తాడీ గుడిసె అయినా, సముద్రాల అవతల చలిదేశాల్లో చెక్కబల్లలు వేసిన మధుశాల అయినా ధర్మం ఒకటే. గుడిలో మనిషి దేవునితో మాట్లాడతాడు, కచేరీలో అధికారితో మాట్లాడతాడు, మనిషితో మాట్లాడేది ఇక్కడే. అంతవరకు నిజమే. కాని తాగే చోట అందరూ సమానమని కూడా రాసిపెట్టినవాళ్ళున్నారు. వాళ్ళు పెద్దమడి కంపౌండు చూడలేదు. అక్కడ కంచె లోపల బల్లలు ఊరివాళ్ళకు, కంచె బయట నేల కింది వాడవాళ్ళకు. చెట్టు ఒక్కటే, కల్లు ఒక్కటే, కూర్చునే చోట్లు రెండు.

ఎనభై అయిదు, ఆరు ప్రాంతంలో ఆ కంపౌండు కాంట్రాక్టు లింబాద్రి సేట్‌ది. తెల్లటి ధోవతి, మెడలో పులిగోరు, చేతిలో సిగరెట్టు డబ్బా. మాట మెత్తన. కంచె లోపల ఒక మూలకు దేవవ్వ అనే ఆమె తట్ట పెట్టుకుని కూర్చుని శెనగ గుడాలు, మక్క గుడాలు, బోటి అమ్మేది. గుడాలు ఎక్కడైనా దొరుకుతాయి. బోటి కోసం మాత్రం జనం బోధన్ నుంచి సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చేవాళ్ళు. పేగుల మీద నలుపు మచ్చన్నది లేకుండా సున్నంతో రుద్ది, ఉడుకునీళ్ళలో కడిగి, పుల్లటి పుంటికూర వేసి, చివర్న వేయించి దంచిన అవిసెల పొడి చల్లి దించిన బోటి. ముక్క నోట్లో పెట్టుకుంటే పంటికి పని ఉండేది కాదు.

అది దేవవ్వ వండింది కాదు. దేవవ్వకు గుడాలు ఉడకబెట్టడమే సరిగ్గా రాదు. కింది వాడలో, మెతడిస్టు గుడి వెనక ఇంట్లో బాలవ్వ వండేది. ఆమె పెనిమిటి ఎర్రయ్య చెరుకు నరికే కూలి. తెల్లవారుజామున బాలవ్వ కసాయి దగ్గరికి పోయి పేగులు తెచ్చేది, మధ్యాహ్నానికి కుండ దించేది, దేవవ్వ చాటుగా వచ్చి ఎత్తుకుపోయేది. పొద్దుగూకాక ఖాళీ కుండతో పాటు తినుబండారమో, బియ్యమో వచ్చేది. ఇద్దరి నడుమ చెల్లె, అక్క అనే పిలుపులే తప్ప పేర్లు లేవు.

ఈ గుట్టు బయటపడిన తీరు వింటే ఇప్పటికీ ముసలివాళ్ళు నవ్వుతారు, తర్వాత ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఒక శుక్రవారం ఫ్యాక్టరీ కాటా గుమాస్తా ఒకాయన వచ్చి బోటి అడిగాడు.

"లేదు బాపు," అన్నది దేవవ్వ. "పేగులు దొరకలే."

"శుక్రారం నాడు మేకలు కోసుడు బందువెట్టిండ్రా?"

"నాకేం ఎరుక బాపు. గుడాలు తిను."

గుమాస్తా లెక్కలు చూసే మనిషి. సీసా పక్కన పెట్టి వేళ్ళు మడిచాడు. "క్రిస్మస్‌కు బోటి లేదు. కొత్త సాల్‌కు లేదు. గుడిల పంట పండుగ అయిన్నాడు లేదు. ఇయ్యాల గుడ్ ఫ్రైడే, ఇయ్యాల సుత లేదు. ఏమే దేవవ్వ, నీ బోటి గిట్ల బాప్తిస్మం తీసుకున్నదా?"

కంపౌండు కంపౌండంతా ఘొల్లుమన్నది. లింబాద్రి సేట్ కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ బోటి వండేది కింది వాడ చెయ్యన్న సంగతి ఒక్కొక్కరికీ తలకెక్కింది. నవ్వులు ఆగిపోయాయి. బల్లల మీదివాళ్ళంతా సేట్ దిక్కు చూశారు. ఆయన కూడా నవ్వు ఆపాడు.

మర్నాడు దేవవ్వ కుండతో వస్తే గేటు దగ్గరే లాక్కుని కుక్కలకు పోశాడు. కంపౌండంతా పేడనీళ్ళు చల్లించాడు. దేవవ్వ గుండెలు బాదుకుని "నా కడుపుల మన్నువడ, గా బాలవ్వనే నన్ను మాయజేసింది" అని తప్పించుకున్నది. దండుగ ఎర్రయ్య మీద పడింది. చెప్పులు చేత పట్టుకుని, తువ్వాల నడుముకు కట్టుకుని, గేటు పక్కన ఎండలో నిలబడి, లోపలికి పోయే ప్రతివానికి వంగి "తప్పయింది బాంచెన్" అనాలి. పొద్దుందాక అన్నాడు. ఊరివాళ్ళే కాదు, చెరుకు బండ్లు తోలుకొచ్చిన పొరుగూరివాళ్ళు కూడా ఊరికే చూసిపోదామని లోపలికి రెండోసారి, మూడోసారి పోయి వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ఎర్రయ్య వంగాడు.

ఇంటికి వచ్చి ఎర్రయ్య పెండ్లాన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాలవ్వ ఏడ్చి ఊరుకునేదేమో. ఆయన కల్లు మానేశాడు. బోటి ఆమె వండలేదు, ఆయన అడగలేదు. ఆ ఏడు గానుగ సీజన్ అయ్యాక ముప్కాల్ దిక్కు కాలువ పనులకు పోయాడు, తర్వాత అక్కడే ఎక్కువగా ఉండిపోయాడు. ఊరికి వస్తే కంపౌండు ముందటి బాట విడిచి పొలాల గట్ల మీదుగా వచ్చేవాడు. కొన్నేళ్ళకు అక్కడే జ్వరం పట్టి పోయాడు.

ఈ ప్రాంతంలో ఒక ఆచారం ఉన్నది. ఇంట్లో మనిషి పోయి దినాలు అయిపోయాక, చుట్టాలు ఆ ఇంటివాళ్ళను కల్లు దగ్గరికి తీసుకుపోయి నాలుగు గుక్కలు తాగించి, తమ చేతులతో ముద్ద పెడతారు. నోటి చేదు తీయడం అంటారు దాన్ని. ఏడ్చి ఏడ్చి చేదెక్కిన నోటికి మళ్ళీ రుచి తెలవాలని. పెట్టిన ముద్ద కాదనకూడదు, కాదంటే పోయినవాళ్ళకు తోవ దొరకదని నమ్మకం. గుడికి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, అందరూ పాటించేదే. ఎర్రయ్య పోయినప్పుడు బాలవ్వ అన్న వేల్పూర్ నుంచి వచ్చి చెల్లెను కంపౌండుకు తోలుకపోయాడు. గేటు దగ్గర లింబాద్రి మనిషి అడ్డం నిలబడి, "గీమె ఎవలో ఎరుకనే గద. బయట సుత వద్దన్నడు సేట్," అన్నాడు. బాలవ్వ తిరిగి ఇంటికి వచ్చింది. ఆ చేదు అట్లనే ఉన్నది.

ఆ రోజు నుంచి ఆమె కోరిక ఒక్కటే. లింబాద్రి సేట్ నలుగురి నడుమ కూర్చోవాలి. వండింది ఎవరో తెలిసి తినాలి. ఆ ముద్ద గొంతు దిగుతుంటే ఆయన ముఖం ఎట్లా ఉంటుందో చూడాలి.

సారా బందైన కాలంలో కల్లుకు గిరాకీ పెరిగింది. వనంలోని చెట్లు చాలక లింబాద్రి మత్తు పొడులు కలిపిన నీళ్ళే సీసాల్లో నింపించాడు. జనం తాగినచోటే పడిపోయి, తాగకపోతే పిచ్చెక్కి తిరిగారు. చివరికి అధికారులు వచ్చి తాళం వేశారు. కంచె కూలింది, బల్లలు ఎవరికి దొరికినవి వాళ్ళు ఎత్తుకుపోయారు. తాళం వేసి ఏళ్ళు గడిచాయి. సాయంకాలమైతే మగవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలియక బస్టాపు దగ్గర నిలబడేవాళ్ళు.

రెండువేల మూడులో ఆత్మారాం దాన్ని మళ్ళీ తెరిచాడు. కల్లు గీసే ఇంటి పిల్లవాడు, దుబాయిలో కొన్నేళ్ళు చేసి వచ్చాడు. కమ్మర్‌పల్లిలో తన మేనమామలు కట్టుకున్న మేడలు చూసి తానూ మేడ కడదామనుకుని, ఎందుకో మనసు మార్చుకుని ఈతమొక్కలు పెట్టాడు. సొసైటీ పేర లైసెన్సు తెచ్చాడు. మందు కలపనని ఎల్లమ్మ ముందు ఒట్టు పెట్టుకున్నాడు. గడ్డికప్పు పాకలు, సిమెంటు అరుగులు, ఆడవాళ్ళు పిల్లలతో వచ్చి కూర్చునేందుకు వేరే జాగా. నిజామాబాద్ నుంచి ఆదివారాలు మోటరు సైకిళ్ళ మీద వస్తారని ఆశపడ్డాడు. ఎవరూ రాలేదు. చూపు మందగించిన దేవవ్వ ఒకనాడు కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చుని చెప్పింది.

"బోటి లేని కంపౌండు ఉప్పు లేని గట్క బిడ్డా. బాలవ్వ తానికి పో. నేను పంపిన్నని మాత్రం చెప్పకు."

ఆత్మారాం పోయాడు. బాలవ్వ మిరపకాయలు ఎండబోస్తూ తలెత్తకుండా విన్నది.

"వండుత," అన్నది. "పొయ్యి గేటు ముంగట్నే ఉండాలె. నేనే వడ్డిస్త. వచ్చెటోడు నా ముఖం సూసి లోపటికి వోవాలె."

"జనం రారేమో అవ్వా."

"రాకుంటే మూసుకో. ఇన్నేండ్లు మూసే ఉండె గద."

జనం వచ్చారు. మొదట నిజామాబాద్ వాళ్ళు వచ్చారు, వాళ్ళకు ఊరి సంగతులు పట్టవు. వాళ్ళు వేళ్ళు నాకుతుంటే చూడలేక ఊరివాళ్ళు వచ్చారు. గేటు ముందు రాళ్ళ పొయ్యి, పెద్ద ఇత్తడి గుండిగ, పక్కన మోదుగాకుల విస్తళ్ళ కట్ట, దాని వెనక పీట మీద బాలవ్వ. జొన్నరొట్టె మీద గరిటెడు బోటి, మీద చిటికెడు పొడి. ఏడాది తిరిగేసరికి గేటు మీద పలక కట్టాల్సి వచ్చింది: "ఇయ్యాల గుడ్ ఫ్రైడే. బోటి లేదు." ఆ పలక చూసి ఎవరూ నవ్వలేదు, సైకిళ్ళు తిప్పుకుని పోయారు.

లింబాద్రి మాత్రం రాలేదు. గొడుగు వేసుకుని బాటకు అవతలి పక్క నుంచి నడిచి పోయేవాడు. పులిగోరు లేదు, ధోవతి మాసింది. ఆయనతో పాటు అరుగు మీద కూర్చునే ముసలివాళ్ళంతా ఒక్కొక్కరే కంపౌండుకు మళ్ళారు. ఆయన మేనల్లుడు ఆశన్న అయితే వారానికి నాలుగు సాయంత్రాలు అక్కడే. బాలవ్వ ఆశన్నకు ఎప్పుడూ మంచి ముక్కలే వేసేది. "మీ మామ మంచిగున్నడా?" అని అడిగేది. ఆమెకు ఎంత దయ అని ఆశన్న అనుకునేవాడు.

పాస్టరు జయరాజ్‌కు మాత్రం తెలుసు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆపి అడిగాడు. "నీ మొఖంల శాంతి లేదు బాలవ్వా. క్షమించరాదూ."

"అడిగినోన్ని క్షమిస్తరు అయ్యగారూ. అడగనోనికి ఏడికి తీస్కపోయి ఇయ్యాలె?"

లింబాద్రి పెండ్లాం శంకరమ్మ ఒక చలికాలంలో పోయింది. మంచి మనిషి. దినాలు అయిన మర్నాడు చుట్టాలంతా కూడి నోటి చేదు తీయాలన్నారు. లింబాద్రి ఇంటికే సీసాలు తెప్పించమన్నాడు. ఆశన్న ఒప్పుకోలేదు. "ఇంట్ల చేదు ఇంట్ల పోదు మామ. ఊరి కల్లు కాడికే పోవాలె. అత్తమ్మకు తోవ దొరకాలె," అన్నాడు. అత్తమ్మ తోవ ఎంతో, ఆశన్న నాలుక ఎంతో ఎవరు చెప్పగలరు. మొత్తానికి మధ్యాహ్నం వేళ పదిహేను మంది దాకా చుట్టాలు లింబాద్రిని నడుమ పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు.

బాలవ్వ దూరం నుంచే చూసింది. గుండిగ మూత తీసి మళ్ళీ పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, చెదిరిన ముడి విప్పి మళ్ళీ వేసుకున్నది. లింబాద్రి గేటు దాటుతూ ఆమె దిక్కు చూశాడు, ఆమె ఆయన దిక్కు చూసింది.

అందరూ పాకలో వరసగా కూర్చున్నారు. ఆత్మారాం సీసాలు తెచ్చిపెట్టాడు. మొదటి చుక్కలు శంకరమ్మ పేరు మీద నేల మీద వంచారు. బాలవ్వ గుండిగ ఎత్తించుకుని వచ్చి తానే విస్తళ్ళలో పోసింది. అందరికీ పోసి చివరికి లింబాద్రి ముందుకు వచ్చింది. రొట్టె వేసింది, కూర పోసింది, పొడి చల్లింది. కదలకుండా అక్కడే నిలబడింది. ఆశన్న ముద్ద చేసి మామ నోటి దగ్గర పెట్టబోయాడు.

"ఆగు ఆశన్న," అన్నది బాలవ్వ. "సేటూ, గిది ఎవలి చేతి కూరనో ఎరుకేనా?"

ఇన్నేళ్ళు ఆమె ఎదురుచూసిన క్షణం. ఆయన ముఖం మాడిపోవాలి, ముద్ద కాదనలేక, మింగలేక కొట్టుకోవాలి. లింబాద్రి తలెత్తాడు. కండ్ల కింద సంచులు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ముఖంలో వెరపు లేదు, అసహ్యం లేదు.

"ఎరుకనే బాలవ్వా," అన్నాడు మెల్లగా. "అప్పుడు సుత ఎరుకనే."

"ఎప్పుడు?"

"దేవవ్వ తెచ్చిన మొదటి వారమే. కసాయి తాన నువ్వు పేగులు ఏరుకుంట నా కండ్లవడ్డవ్. ఏం జేయాలె, రుచి మరిగిన. గా గుమాస్తా నలుగుర్ల బయటవెట్టకుంటే తింటనే ఉందును."

ఆ మాట ఆయన చెడుగా అనలేదు. పొగుడుతున్నానని, పాతవి మరిచిపోతున్నామని అనుకున్నాడు. ఇద్దరు ముగ్గురు చుట్టాలు కూడా హమ్మయ్య అన్నట్టు తల ఊపారు.

బాలవ్వ గరిటెను గుండిగలో వేసింది. మైల అని నమ్మిన మనిషి చేత తినిపిస్తే అది పగ. ఈయన ఏనాడూ నమ్మలేదు. ఇష్టంగా తిన్నాడు, ఇప్పుడూ ఇష్టంగా తింటాడు. నమ్మి చేసినవాణ్ణి మూర్ఖుడని అయినా అనుకోవచ్చు. ఎర్రయ్య ఎండలో వంగింది ఎవరి నమ్మకం కోసమూ కాదు. ఇన్నేళ్ళు వండి వార్చి దాచుకున్న పగ ఈ మనిషికి ఉత్త మధ్యాహ్న భోజనం.

ఆమె వంగి లింబాద్రి ముందటి విస్తరి తీసుకున్నది. ఆశన్న చేతిలోని ముద్ద కూడా అదే విస్తరిలో వేయించుకున్నది.

"గిప్పుడన్నది గట్టిగ అను సేటూ. గేటు కాడికి ఇనవడాలె."

"అవ్వా," అంటూ ఆత్మారాం పరుగెత్తుకొచ్చాడు. "చేదు తీసే పూట. సచ్చినామె ముఖమన్న సూడు."

"శంకరమ్మ మంచిది. ఆమె పేరు మీద అందరు తినుండ్రి. నేను ఆమెతోని మాట్లాడుతలేను."

లింబాద్రి చుట్టూ చూశాడు. పక్క పాకల్లో ఊరివాళ్ళు సీసాలు దించి వింటున్నారు. ఆయన గట్టిగా అన్నాడు. కసాయి దగ్గర చూసింది, తెలిసే తిన్నది, అన్నీ అన్నాడు.

"ఎరుకైతే మా ఎర్రయ్యను ఎందుకు నిలవెట్టినవ్?"

"అందరు నన్నే సూస్తుండిరి. ఎవన్నో ఒకన్ని నిలవెట్టాలె గద."

ఎవరో నాలుక చప్పరించారు. ఆశన్న తల దించుకున్నాడు. లింబాద్రి చేతులు దగ్గరికి తెచ్చాడు. "తప్పయింది బాలవ్వా. ఇగ వెట్టు."

పాస్టరుకు ఆమె చెప్పిన జవాబు ఆమెకు గుర్తుండే ఉంటుంది. ఆమె మొఖం ఒక్క క్షణం అటూ ఇటూ అయింది.

"గా మాట మా ఆయన పొద్దుందాక అన్నడు. నువ్వొక్కపారి అన్నవ్," అన్నది. "నీకు లేదు, లే."

"అవ్వా, నా దుకాన్ ఇజ్జత్..." అన్నాడు ఆత్మారాం.

"ఆయనకు నువ్వు వెడితే నేను పొయ్యి ఆర్పుత. నీ ఇష్టం బిడ్డా."

ఆత్మారాం గుండిగ దిక్కు చూశాడు, అరుగుల మీది జనం దిక్కు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

లింబాద్రి మోకాలి మీద చేయి ఊని లేచాడు. గొడుగు తీసుకున్నాడు. చుట్టాలు కూడా లేస్తారని అనుకున్నట్టుంది, గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఆశన్న సగం లేచాడు. విస్తరిలో రొట్టె కూరను పీల్చుకుని మెత్తబడింది. ఆవిరి ముఖానికి కొడుతున్నది.

"మనమన్న తినాలె," అన్నాడు ఆశన్న పక్కవాళ్ళతో, గొంతు తగ్గించి. "అత్తమ్మ పేరు మీద వెట్టింది కాదంటే మంచిగుండది."

నిజమే అన్నారు వాళ్ళు. ఆశన్న మళ్ళీ కూర్చున్నాడు. మొదట ఒకరు ముద్ద ఎత్తారు, తర్వాత అందరూ ఎత్తారు. బాట మీద గొడుగు ఒక్కటే పోతున్నది.

బాలవ్వ అటు చూడలేదు. గరిటె పట్టుకుని వరస మొదటి నుంచి వచ్చింది. లింబాద్రి తోడల్లుడి ముందు, తమ్ముడి ముందు, ఆశన్న ముందు, ఒక్కొక్కరి ముందు నిలబడి నిదానంగా అడిగింది.

"ఇంకింత పొయ్యాల్నా?"

వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు.